పరస్పర వివర్జిత ఘటనలు, స్వతంత్ర ఘటనలు: సస్య ప్రజననంలో వాటి భేదం

సంకర సంతతిలో కోరిన మొక్క లభించాలంటే ఎన్ని మొక్కలు పెంచాలో సంభావ్యత గణనను బట్టి నిర్ణయిస్తారు. ఈ గణనలో తరచుగా ఒకదానినొకటిగా పొరబడే భావనలు రెండు. ఒకటి సంభవిస్తే రెండవది సంభవించే వీలు లేని ఘటనలు పరస్పర వివర్జితాలు. ఒకటి సంభవించినా, సంభవించకపోయినా రెండవదాని సంభావ్యత మారకుంటే అవి స్వతంత్రాలు.

గ్రెగర్ మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ ప్రయోగ ఫలితాలు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి. రెండవ తరంలోని 556 గింజలలో గుండ్రని పసుపు గింజలు 315, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడతల పసుపువి 101, ముడతల ఆకుపచ్చవి 32. ఒకే గింజ పసుపుగాను, ఆకుపచ్చగాను ఉండదు కనుక ఈ రెండు ఘటనలు పరస్పర వివర్జితాలు. అందువల్ల గుండ్రని గింజల సంఖ్యను కూడికతో పొందవచ్చు: 315 + 108 = 423. దాని సంభావ్యత 423/556, అనగా 0.761.

ఆకారం, రంగుల సంబంధం వేరు. పసుపు గింజలు 416, సంభావ్యత 0.748. ఈ రెండు సంభావ్యతల లబ్ధం 0.569. గుండ్రని పసుపు గింజల వాస్తవ అనుపాతం 315/556, అనగా 0.567. ఇవి దాదాపు సమానం కనుక ఆకారం, రంగు స్వతంత్రాలని భావించవచ్చు.

శూన్యేతర సంభావ్యత గల పరస్పర వివర్జిత ఘటనలు ఎన్నటికీ స్వతంత్రాలు కావు. గింజ పసుపు అని తెలిసిన వెంటనే ఆకుపచ్చ అయ్యే సంభావ్యత శూన్యమవుతుంది.

అయితే పరస్పర వివర్జితాలు కానివన్నీ స్వతంత్రాలు అనుకోవడమూ పొరపాటే. బేట్సన్, సాండర్స్, పున్నెట్ స్వీట్ పీ మొక్కలలో గమనించిన 381 మొక్కలలో ఊదా పూలు గలవి 305, పొడవైన పుప్పొడి గలవి 305. స్వతంత్రాలైతే రెండు లక్షణాలూ గలవి సుమారు 244 ఉండాలి, లభించినవి 284. రెండు జన్యువులు ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉండడమే, అనగా సహలగ్నతే, దీనికి కారణం.

క్షేత్రంలో దీని ఫలితం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. రెండు అంతర్గత లక్షణాలు గల మొక్క రెండవ తరంలో 1/16 సంభావ్యతతో వస్తుందనుకుంటే, కనీసం ఒక్కటైనా 95 శాతం నిశ్చయంతో లభించడానికి 47 మొక్కలు చాలును. ఆ లక్షణాలు చెరొక జనకం నుంచి వచ్చి, సహలగ్నమై ఉంటే అట్టి మొక్క అంతకన్న అరుదు. 47 మొక్కలు చాలవు. కనుక సంభావ్యతలను గుణించే ముందు స్వతంత్రతను దత్తాంశంతో పరీక్షించుట అవసరం.