గుంటూరులో ఆ రెండో రోజు

హీలియం పుట్టిల్లు మా ఊరేనని గుంటూరు వాళ్లు చెప్పుకుంటే కాదనడానికి మనసొప్పదు. కానీ అందులో సగమే నిజం. ఎవరూ అంతగా చెప్పుకోని మిగతా సగమే గొప్పది.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కను దాటి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి సాగింది. గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ దూరదర్శినికి వర్ణపటదర్శిని బిగించి సిద్ధంగా ఉన్నాడు. అదే ఊళ్లో మేజర్ టెనెంట్ నాయకత్వాన ఇంగ్లిషు బృందం దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. ఇంట్లో తలుపులు వేసుకుని విడుపు స్నానం కోసం ఎదురుచూసే రోజున ఇంతమంది ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం ఊరివాళ్లకు వింతగానే తోచి ఉంటుంది.

వచ్చిన వాళ్లందరిదీ ఒకే ప్రశ్న. బింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు చంద్రుడి నల్లటి అంచు దాటి ఎర్రటి నాలుకలు కనిపిస్తాయి. అవి ఏమిటి? ఆ వెలుగును పట్టకం గుండా పంపితే చిక్కు విడిపోతుంది. కొలిమిలో కాలిన ఇనుము వెలుగు ఇంద్రధనుస్సులా అతుకు లేకుండా పరుచుకుంటుంది. వేడెక్కిన పలచని వాయువు వెలుగు విడివిడి గీతలుగా చీలుతుంది. ఏ మూలకం గీతలు దానివే, ఒంటి మీద పచ్చబొట్టులా. ఐదు నిమిషాల పైచిలుకు చీకట్లో జాన్సెన్‌కు గీతలే కనిపించాయి. అంటే ఆ నాలుకలు వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్.

గీతలు మరీ అంత ప్రకాశంగా ఉండడం చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. వీటికి గ్రహణం దేనికి? పగటిపూట ఆ నాలుకలను మింగేసేది గాలిలో చెదిరిన సూర్యకాంతి. పట్టకం ఆ కాంతిని రంగులన్నిటా పరిచి పలచన చేస్తుంది. నాలుకల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే గుమిగూడి ఉంటుంది కనుక పలచబడదు. మర్నాడు, ఆగస్టు 19న, ఎండ కాస్తుండగా వర్ణపటదర్శినిలోకి వెలుగు దూరే సన్నని చీలికను సూర్యుడి అంచు పక్కన నిలిపాడు. గీతలు కనిపించాయి! ఆ తర్వాత రెండు వారాలకు పైగా గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూస్తూ వచ్చాడు. గుంటూరు చెప్పుకోవలసింది ఈ రెండో రోజు గురించే.

కాకినాడ నుంచి ఆయన రాసిన ఉత్తరం అక్టోబరు 26న పారిస్ అకాడమీ ముందుకు వచ్చింది. విచిత్రంగా అదే రోజు ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ రాసినదీ వచ్చింది. ఆయన గుంటూరు మొహం చూడలేదు, గ్రహణమూ చూడలేదు. ఇదే ఉపాయం సొంతంగా కనిపెట్టాడు. ఎవరు ముందన్న తగువు లేకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలనూ ఒకే పతకం మీద అచ్చువేయించింది.

ఇక హీలియం సంగతి. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి ఉంది. పొయ్యిలో చిటికెడు ఉప్పు వేస్తే మంట పచ్చబడుతుంది కదా, అది సోడియం రంగు. గ్రహణం చూసినవాళ్లలో చాలామంది ఇదీ సోడియమే అనుకున్నారు. లాకియర్ జాగ్రత్తగా కొలిచాడు. సోడియం జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర ఉంది. భూమ్మీద ఎవరూ ఎరగని మూలకమని తేల్చి, గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అన్నాడు. చివర సోడియం, కాల్షియంలలోని ‘యం’ తగిలించాడంటే లోహమనుకున్నాడు కాబోలు! 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వెలువడిన వాయువులో అదే గీత కనిపించింది.

1903లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం డెక్స్‌టర్ ఊళ్లో గ్యాసు బావి పడింది. ఊరంతా పండగ చేసుకుని, మండుతున్న గడ్డిమోపును దాని దగ్గరికి నెట్టారు. గ్యాసు అంటుకోకపోగా మోపే ఆరిపోయింది. ఆ మండని గ్యాసులో దాదాపు 2 శాతం హీలియమని రెండేళ్లకు తేలింది.

ఆనాడు తలలు పట్టుకున్న వాయువు కోసం ఈనాడు ఆస్పత్రులు ఆర్డర్లు పెట్టుకుంటాయి. ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతపు తీగ విద్యుత్తును నిరోధం లేకుండా మోయాలంటే మైనస్ 269 డిగ్రీల చల్లదనం కావాలి. అంత చలిలోనూ గడ్డకట్టని ద్రవం హీలియం ఒక్కటే. మామూలు యంత్రాల్లో అది వెయ్యి లీటర్లకు పైనే పడుతుంది. ఒకసారి గాలిలోకి జారిందంటే వాతావరణాన్ని దాటి అంతరిక్షంలోకి పోతుంది, తిరిగి రాదు. పుట్టినరోజు బెలూన్లలో దాన్ని నింపడం నాకు దుబారాగానే కనిపిస్తుంది.

పేరు సూర్యుడిదే గానీ మనం వాడే హీలియం సూర్యుడిది కాదు. భూగర్భంలో యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ విడిచినది. అచ్చంగా సూర్యుడిది కావాలంటే చంద్రుడి మీదికి పోవాలి. సౌరగాలి మోసుకొచ్చిన హీలియం-3 అనే తేలిక రకం హీలియం అక్కడి మట్టిలో ఇంకి ఉందని అపోలో యాత్రికులు తెచ్చిన నమూనాలే చెప్పాయి. దాన్ని తవ్వి తెచ్చి కేంద్రక సంలీనంతో కరెంటు తీద్దామన్న కల 1980ల నుంచీ ఉంది. ఒక్క కిలో కోసం లక్ష టన్నుల లెక్కన మట్టిని వేయించాలి. తెచ్చి పోద్దామంటే అలాంటి రియాక్టరు భూమ్మీద ఇంకా ఒక్కటీ లేదు.