బరువు యంత్రం చెప్పని సంగతి

పిల్లలూ! ఇద్దరు స్నేహితులు బరువు చూసే యంత్రం ఎక్కారనుకోండి. ఇద్దరూ 40 కిలోలే ఉన్నారు. ఎత్తు కూడా సమానమే. అయితే వారి శరీరాలు ఒకే తీరుగా ఉన్నట్టేనా? కాదు. ఒకరిలో కండ ఎక్కువగా, మరొకరిలో కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. ఈ తేడాను మామూలు బరువు యంత్రం చెప్పలేదు.

కొవ్వు మనకు శత్రువు కాదు. అది శక్తిని నిలవ చేస్తుంది. చలి నుండి కాపాడుతుంది. కాని అవసరానికి మించి పేరుకొంటే, పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బు వంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది.

మీరు పరుగెత్తేటప్పుడు గుండె వేగంగా కొట్టుకొంటుంది. రక్తం ప్రాణవాయువును కండరాలకు చేరవేస్తుంది. కండరాలు దాని సాయంతో చక్కెరనూ కొవ్వునూ ఖర్చుచేసి శక్తిని పొందుతాయి. ఒక గ్రాము చక్కెరలో సుమారు 4 కేలరీల శక్తి ఉంటే, ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటుంది. అందుకే కొవ్వు ఒక్కనాటి పరుగుతో తరగదు. రోజూ పరుగెత్తేవారి కండరాలు మాత్రం కొవ్వును వాడుకోవటంలో నేర్పు సంపాదిస్తాయి.

స్కాట్లండులో స్టిర్లింగ్ అనే ఊరున్నది. అక్కడి సెయింట్ నినియన్స్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఇలేన్ వైలీ 2012లో ఒక మంచి అలవాటు ప్రారంభించారు. పిల్లలు రోజూ 15 నిమిషాలు ఆరుబయట పరుగెత్తాలి. పందెం లేదు. వేరే దుస్తులు అక్కరలేదు. ఆయాసం వస్తే నడవవచ్చు. దీనికి ‘డైలీ మైల్’ అని, అంటే ‘రోజుకొక మైలు’ అని పేరు.

తరువాత శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతంలోని రెండు బడులను పోల్చిచూశారు. ఒక బడిలో ఈ అలవాటు ఉన్నది, రెండవదానిలో లేదు. వారు పిల్లల చర్మపు మడతల మందం కొలిచారు. ఆ మందాన్నిబట్టి చర్మం కింద ఉన్న కొవ్వు తెలుస్తుంది. కొన్ని నెలల తరువాత మళ్ళీ కొలిచారు. రెండవ బడితో పోల్చితే, పరుగెత్తిన పిల్లలలో మడతల మొత్తం మందం 1.4 మిల్లీమీటర్లు తగ్గింది. పరుగు పరీక్షలో వారు సుమారు 39 మీటర్లు ఎక్కువ దూరం వెళ్ళగలిగారు. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మార్పు చిన్నదే. కాని దానికి పట్టినది రోజుకు పావుగంటే కదా!

మనకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నా, యూరపువారికంటే భారత సంతతివారిలో సగటున కొవ్వు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి “నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు?” అనకండి. పరుగు అందరికీ మేలే.

అలాగని భోజనం మానకండి. మీరు ఎదిగే పిల్లలు. బరువు పెరగటం సహజం. మీ వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పరుగు, ఈత, సైకిలు, తాడాట, ఏదైనా సరే. బరువు అంకె చూసి దిగులుపడకండి. నిన్న ఆయాసపడినచోట ఈనాడు ఆగకుండా సాగిపోయారా? అదే మీ గెలుపు.

ప్రశ్నలు
1. కొవ్వు వలన మనకు కలిగే ఉపయోగాలేవి?
2. ఒకే బరువున్న ఇద్దరి శరీరాలలో తేడా ఎందుకుంటుంది?
3. ఒక వారం రోజూ 15 నిమిషాలు పరుగెత్తండి. మొదటినాడు, చివరినాడు మీకెలా ఉన్నదో ఐదు వాక్యాలలో రాయండి.