12 కిలోమీటర్లకు 10 డెసిబెల్స్

2020 డిసెంబరులో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన రెండు ల్యాబులు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య క్వాంటమ్ కీ పంపిణీ, అంటే రహస్య కీ బిట్లను ఫోటాన్ల మీద పంపడం, చేసి చూపించారు. దూరం 12 కిలోమీటర్లకు పైగా అని ప్రకటనలో ఉంది. పక్కనే ఇంకో అంకె: ఫైబర్‌లో నష్టం 10 డెసిబెల్స్. అసలు సంగతి ఆ రెండో అంకెలోనే ఉంది.

మంచి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. ఆ లెక్కన 12 కిలోమీటర్లకు పోవాల్సింది 2.4 మాత్రమే. 10 అంటే ల్యాబులో రీలుకు చుట్టిన 50 కిలోమీటర్ల ఫైబర్‌తో సమానం: వంద ఫోటాన్లు పంపితే పదే చేరతాయి.

నగరంలో ఫైబర్ జాయింట్లతోనే బతుకుతుంది. రోడ్డు పక్కన స్ప్లైసింగ్ చేసే కుర్రాళ్లను చూడండి. పూత గీకి, స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుక మందం గాజు పోగును కోసి మెషీన్‌లో పెడతారు. చిన్న మెరుపు మెరిసి తెర మీద నష్టం 0.02 డెసిబెల్స్ అని పడితే పండగే. దుమ్ము అంటితే మళ్లీ మొదటికి. కనెక్టర్లయితే ఒక్కోటి 0.3 దాకా తినేస్తుంది.

మామూలు ఇంటర్నెట్‌కు ఇదేం లెక్క కాదు, మధ్యలో యాంప్లిఫయర్ పెడతారు. ఇక్కడ ఆ వీలు లేదు. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయలేమని 1982లోనే నిరూపించారు. దారిలో ఫోటాన్లకు నకలు తీసి కీ కాజేయబోయే దొంగను ఆపే నియమమే, నకళ్లతో కాంతిని పెంచే యాంప్లిఫయర్‌నూ ఆపుతుంది.

ఇప్పుడు ఓ ఊహా లింకు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కంపెనీ, హైటెక్ సిటీలో దాని ఆఫీసు అనుకుందాం. మధ్య 20 కిలోమీటర్ల ఫైబర్: గాజుకు 4 డెసిబెల్స్, జాయింట్లకూ కనెక్టర్లకూ 6, మొత్తం 10. సెకనుకు కోటి పల్సులు, పల్సుకు సగటున అర ఫోటాన్, డిటెక్టర్ సామర్థ్యం 10 శాతం, తప్పులు 3 శాతం. ఈ అంకెలు నేను పెట్టుకున్నవే.

బయలుదేరేవి 50 లక్షల ఫోటాన్లు. ఫైబర్ దాటేవి 5 లక్షలు. డిటెక్టర్ పట్టేవి 50 వేలు. 1984 నాటి బీబీ84 పద్ధతిలో పంపినవారి కొలతా అందుకున్నవారి కొలతా సగం సార్లే కలుస్తాయి, అంటే 25 వేలు. తప్పులు దిద్దడానికీ, దొంగకు చిక్కి ఉండొచ్చన్న భాగాన్ని కోసేయడానికీ మరో ముప్పాతిక వంతు పోతుంది. చేతికి వచ్చేది సెకనుకు సుమారు 6,600 బిట్లు.  వీడియో కాల్‌ను బిట్టుకు బిట్టు కప్పడానికి ఇది ఏ మూలకూ చాలదు. మామూలు ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఏఈఎస్‌కు కావాల్సిన 256 బిట్ల కీలు మాత్రం సెకనుకు పాతిక వస్తాయి, ఏ ఆఫీసుకైనా అది ఎక్కువే.

నష్టం 20 డెసిబెల్స్‌కు పెరిగితే సుమారు 600 బిట్లు. పదో వంతు, ఊహించిందే. 30 దగ్గర 60 రావాలి, కానీ 30 చిల్లరే వస్తాయి. 40 దగ్గర సున్నా. కారణం డిటెక్టరే. కాంతి లేకపోయినా అది అప్పుడప్పుడూ క్లిక్కుమంటుంది. రెండు డిటెక్టర్లకు కలిపి సెకనుకు 20 దొంగ క్లిక్కులు అనుకుంటే, 50 వేలలో అవి లెక్కకే రావు. 40 డెసిబెల్స్ దగ్గర నిజమైనవి 50 మాత్రమే మిగులుతాయి. దొంగ క్లిక్కుల్లో సగం తప్పులే కాబట్టి తప్పుల శాతం 16 దాటుతుంది. బీబీ84కు హద్దు 11.

2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య అప్పటికే వేసి ఉన్న వాణిజ్య ఫైబర్ మీద 100 కిలోమీటర్లు దాటాయి. గాజు నష్టమే 20 డెసిబెల్స్ ఉండే దూరం అది. 2023లో చైనా పరిశోధకులు మరో పద్ధతిలో, మరింత శుద్ధమైన ఫైబర్‌తో 1,002 కిలోమీటర్లు చేరారు. వేగం సెకనుకు 0.0034 బిట్లు. ఆ లెక్కన ఒక్క 256 బిట్ల కీ చేతికి రావడానికి 21 గంటలు పడుతుంది.