వృద్ధులపై వేధింపులు: ఒంటరితనంలో కనిపించని సంకేతాలు, చట్టం ఇచ్చే రక్షణ

బేర్ సరాయ్ (న్యూఢిల్లీ): జేఎన్‌యూకు, ఐఐటీకి సమీపంలోని బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాలకు, సివిల్స్ అభ్యర్థుల అద్దె గదులకు పేరొందింది. ఇలాంటి పట్టణ గ్రామాల్లో ఇల్లు పెద్దల పేరిట, అద్దె వసూలు పిల్లల చేతిలో ఉండటం పరిపాటి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక గదులు ఖాళీ అయిన చోట అద్దెలతో పాటు ఇంటికి వచ్చిపోయే మనుషులూ తగ్గారు. వేధింపునకు కావలసిందీ ఆ ఏకాంతమే.

అరవై ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో వేధింపునకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దెబ్బ ఒక్కటే వేధింపు కాదు. వేళకు మందులు ఇవ్వకపోవడం, విరిగిన కళ్లజోడు మార్పించకపోవడం, పింఛను ఏటీఎం కార్డును, ఓటీపీ వచ్చే ఫోన్‌ను తమ వద్దే ఉంచుకోవడం కూడా ఆ కోవలోనివే. ఫోన్ చేసిన ప్రతిసారీ మరొకరే సమాధానమిస్తున్నా, స్పీకర్ పెట్టి మాట్లాడిస్తున్నా అనుమానించాలి. అటువంటప్పుడు అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలే అడగాలి. బరువు తగ్గడం, పడకపుండ్లు ఏర్పడటం నిర్లక్ష్యానికి గుర్తులు కావచ్చు.

వివాదం తరచూ ఆస్తి దగ్గర మొదలవుతుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుపై ఆస్తి పొందినవారు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025 జనవరిలో మాత్రం, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అన్వయించాలని చెప్పింది. కాబట్టి పోషణ షరతును గిఫ్ట్ డీడ్‌లోనే రాయించుకోవడం క్షేమం. నోటి మాటను నమ్మి సంతకం చేసిన తరువాత రుజువు వెతకడం కష్టం.

భరణం కోసం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. పరిమితి నెలకు రూ.10,000, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలన్నది నిబంధన. నడవలేని వారి తరఫున వారు అధీకృతం చేసిన వ్యక్తి గానీ సంస్థ గానీ దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగానూ విచారణ చేపట్టవచ్చు. సంరక్షణ బాధ్యత ఉన్నవారు వృద్ధులను శాశ్వతంగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఢిల్లీ 2016లో సవరించిన నిబంధనల ప్రకారం, వేధించే సంతానాన్ని ఇంటి నుంచి ఖాళీ చేయించాలని జిల్లా మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు.

ఇంట్లోవారి భయంతో ఫిర్యాదుకు జంకే పెద్దలకు పై అంతస్తులో అద్దెకున్న విద్యార్థే తొలి సాక్షి కావచ్చు. హైదరాబాద్‌లో ప్రారంభమై 2021లో దేశమంతటికీ విస్తరించిన ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఢిల్లీ పోలీసుల వయోవృద్ధుల సహాయ సంఖ్య 1291. ప్రాణాపాయం ఉంటే 112.