ఇరువదియైదు సెకన్ల నిరీక్షణ

చిల్కానగరులో నివసించు ఒక గణితోపాధ్యాయుడు నాకు చిరపరిచితుడు. ఆయన పాఠశాల నాచారములో ఉన్నది. రాత్రివేళ ఇంటినుండే పాఠశాలలోని లినక్సు కంప్యూటరును ఇంటర్నెట్టు ద్వారా అందుకొని, దానిలోని చిత్రలేఖన ప్రోగ్రామును తన తెరపై తెరచి, మరునాటి పాఠమునకు పటములు గీసికొనుట ఆయనకు అలవాటు. ఒక వేసవిలో ఆ కంప్యూటరు వ్యవస్థను నవీకరించిరి. నాటినుండి ప్రోగ్రాము తెరచుకొనుటకు అర నిమిషము పట్టసాగెను. తెరచుకొన్న పిదప మాత్రము పని మునుపటివలెనే చురుకుగా సాగుచుండెను. యంత్రము ముసలిదైనదని తలచి, ప్రయోగశాలలో త్రాసులు కొనుటకై ఉంచిన సొమ్ముతో క్రొత్త కంప్యూటరు కొనుటకు అందరును సిద్ధపడిరి.

అసలు దూరపు ప్రోగ్రాము మన తెరపైకి ఎట్లు వచ్చును? 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎక్స్ విండో అను పద్ధతి ప్రారంభమైనది. నేటికిని వాడుకలో ఉన్న దాని పదునొకండవ రూపము 1987లో వెలువడినది. ఇందులో ఒక విచిత్రము కలదు. మన బల్లమీది తెరను ఏలునదే 'సర్వరు'. దూరమున నడచు ప్రోగ్రాము దాని 'క్లయింటు'. ప్రోగ్రాము "కిటికీ తెరువుము, ఈ అక్షరములున్నవా?" అని ప్రశ్నించుచుండగా తెర బదులు చెప్పుచుండును. తెరచుకొనునప్పుడే ఇట్టి ప్రశ్నలు వందలకొలది నడువవచ్చును.

ఆలస్యమునకు దూరము కారణమా? లెక్క వేయుదము. ఆప్టికల్ ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు కనీసము 33 మిల్లీసెకన్లు. ఒకదాని వెనుక ఒకటిగా 200 ప్రశ్నలు నడచినచో 6.6 సెకన్లగును. నాచారము కూతవేటు దూరము. నడుమనున్న పరికరముల జాప్యముతో ప్రశ్నకు 10 మిల్లీసెకన్లు అనుకొన్నను మొత్తము 2 సెకన్లే.

ఉపాధ్యాయుడు గడియారము పట్టి ఐదుమార్లు కొలిచెను. పగలైనను రాత్రియైనను 27 సెకన్లే! ఇది గొప్ప ఆధారము. దారి ఇరుకైనచో ఆలస్యము రద్దీనిబట్టి మారవలెను. మారని సంఖ్య వచ్చినదనగా అచట పని జరుగుటలేదు, ఎవరో ఎవరికొరకో వేచియున్నారని అర్థము. ఉప్పల్ చౌరస్తాలో రద్దయిన బస్సుకై నిర్ణీతకాలము నిలబడి, తుదకు ఆటో ఎక్కు ప్రయాణికునివలె.

తరువాత ఆయన ఎక్స్‌క్లాక్ అను చిన్న గడియారపు ప్రోగ్రామును తెరచెను. అది వెంటనే వచ్చినది. కావున దారి బాగున్నది. ఆ గడియారము తెరతో తప్ప మరెవ్వరితోను మాటలాడదు. చిత్రలేఖన ప్రోగ్రామో, క్రొత్తకాలపుది. తెరచుకొనుటకు ముందు అది "వాడుకరికి నల్లని రంగులిష్టమా, తెల్లనివా?" అని పోర్టల్ అను సేవకుని అడుగును. ఈ సంభాషణ డీ-బస్ అను మార్గమున సాగును. దానిపై బదులు రానిచో సాధారణముగా 25 సెకన్లు ఎదురుచూచి విరమించుట ఆచారము. ఆ 25కు మన 2 కలిపిన 27!

సేవకుడు ఏల పలుకడు? దూరమునుండి లాగిన్ అయినపుడు తెర చిరునామాను 'డిస్‌ప్లే' అను చరరాశిలో ఉంచుదురు. అది మనము ఆజ్ఞలిచ్చు షెల్లుకు మాత్రమే తెలియును. డీ-బస్ లేపిన సేవకుని సహాయకునికి తెలియదు. తెర ఎచటనున్నదో ఎరుగక వాడు పడిపోవును. పాత వ్యవస్థలో ప్రోగ్రాము ఈ ప్రశ్న అడుగనే లేదు కనుక లోపము బయటపడలేదు.

చికిత్స ఒక్క పంక్తి. లాగిన్ అయిన వెంటనే డీబస్-అప్‌డేట్-యాక్టివేషన్-ఎన్విరాన్‌మెంట్ అను ఆజ్ఞతో డిస్‌ప్లే, ఎక్స్‌అథారిటీ అను రెండు చరరాశులను డీ-బస్‌కు తెలుపవలెను. ఆ రాత్రి ప్రోగ్రాము రెండు సెకన్లలో తెరచుకొన్నది. అయితే అదే పేరుతో మరియొకరు పాఠశాలలో ఆ కంప్యూటరు ముందే కూర్చుండియున్నచో ఈ ఆజ్ఞ ఈయరాదు. ఇద్దరికిని డీ-బస్ ఒక్కటే గనుక, అచటివారి కిటికీలు కొన్ని చిల్కానగరులో తెరచుకొనవచ్చును.