కారు క్రింద ఎఱ్ఱని చమురుబొట్టు



పొగను జూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. ఆ కనబడునది పొగయా, మంచా అని ముందుగా విచారింపవలయుననుట రెండవ పాఠము. పాత కారు క్రింద నేలపై బడిన చమురుబొట్టు విషయమున ఈ రెండవ పాఠమే ఎక్కువ అక్కఱకు వచ్చును.

నేను చెప్పబోవునది తమంతట తామే గేర్లు మార్చుకొను పాత అమెరికా కార్లను గూర్చి. అట్టి గేరుపెట్టెను జనరల్ మోటార్సువారు 1939లో ఓల్డ్స్‌మొబీల్ కార్లకై హైడ్రామాటిక్ అను పేర వెలువరించిరి. 1969లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 అను పెట్టెను అచ్చటి పాత కార్లలో నేటికిని చూడవచ్చును. అమెరికాలో నున్న నా మేనల్లుడు అట్టి కారొకటి కొని, వెనుకటి ఆయిల్ సీలును రెండు మారులు మార్పించెను. రెండు మారులును సొమ్ము నేలపాలయ్యెను. అతని యింట నున్న నాలుగు నెలలలో ఈ విద్య నాకు పట్టుబడినది.

ఈ పెట్టెలోని చమురు కేవలము నునుపునకై పోసినది కాదు. ఇంజను బలమును అందుకొనునదియు, లోపలి క్లచ్చిపలకలను బిగించునదియు ఆ చమురే. అది తఱిగినచో పంపు గాలిని పీల్చును. పలకలు జారి కాలిపోవును. కావున బొట్టే గదా యని ఉపేక్షింపరాదు.

పెట్టె వెనుకటి కొస నుండి ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక ఇరుసునకు బోవును. షాఫ్టు ముందు కొసనున్న యోకు అను ఉక్కుగొట్టము పెట్టెలోనికి దూరి తిరుగుచు, గతుకులయందు కొంచెము ముందు వెనుకలకు జరుగుచుండును. దానిని చుట్టి పట్టుకొన్న రబ్బరు పెదవి గల ఉంగరమే సీలు.

ఇక పరీక్ష. గేరు చమురునకు ఎఱ్ఱరంగు కలుపుదురు; ఇంజను చమురు వాడినకొలది నల్లబడును; వెనుక ఇరుసుపెట్టెలోనిది చిక్కగా నుండి గంధకపు కంపు గొట్టును. అయినను పాతబడిన గేరు చమురు గోధుమరంగునకు దిగును గావున రంగొక్కటే చాలదు. తార్కికులు దీనిని వ్యభిచరించు హేతువందురు. పైగా కారు పరుగెత్తునప్పుడు గాలి చమురును వెనుకకు ఈడ్చును. ముందు కారినది వెనుక బొట్టై రాలును. అందుచే క్రిందిభాగమంతయు కడిగి, తుడిచి, కొన్ని మైళ్లు నడపి, పిమ్మట దీపముతో చూడవలయును. తడి ముందు నుండి వరుసగా వచ్చినచో దోషము ముందున్నది. యోకునకు ఎగువ కారు అడుగు రేకుపై చమురు చిమ్మిన చాఱ కనబడినచో, తిరుగు యోకే దానిని విసరినదని తెలియవలయును. నా మట్టుకు ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యము లేదు.

అంతట సీలు నొక్కదానినే దోషిగా నెంచరాదు. లోపల యోకును నడుమ నిలుపు బుష్షు అరిగినచో యోకు ఎగిరెగిరి పడును. క్రొత్త సీలు పెదవియు దానిని అంటి యుండజాలదు. యోకును చేతబట్టి పైకి క్రిందికి కదపి చూచిన ఈ సంగతి బయటపడును. మేనల్లుని కారున జరిగినది ఇదియే. సీలు మార్చిన పనివాడు ఒక్కసారియైనను యోకును కదపి చూడలేదు! యోకుపై గాడి పడినను, పెట్టె గాలిరంధ్రము మూసికొనిపోయి లోపల ఒత్తిడి పెరిగినను ఇదే ఫలము. స్పీడోమీటరు తీగ దూరుచోట రబ్బరు రింగు చెడినను చమురు ఆ ప్రాంతముననే కారును.

వ్యాక్యూం మాడ్యులేటరు అను చిన్న డబ్బాలోని పొర చినిగినపుడు మాత్రము వింత జరుగును. ఇంజను ఆ చమురును పీల్చి కాల్చివేయును. నేలపై చుక్క పడదు, వెనుక తెల్లనిపొగ వెడలును.

వెనుకటి సీలునకును బుష్షునకును పెట్టెనంతయు దింపనక్కఱలేదు. ప్రొపెల్లర్ షాఫ్టును ఊడదీసిన చాలును. ముందటి సీలైనచో పెట్టెను దింపక తప్పదు. రెంటికిని ఖర్చులో ఎంతయో అంతరము. కారు క్రిందికి దూరువారు జాకీ నొక్కదానినే నమ్మక, ఇనుప స్టాండ్లపై కారును నిలుపవలయును.

పని ముగిసిన పిదప ఈ 350 పెట్టెలో చమురును, సమతలమున కారు నిలిపి, బాగుగా వేడెక్కిన తరువాత, పార్కునందుంచి, ఇంజను తిరుగుచుండగానే కొలువవలయును. చల్లారిన ఇంజనును ఆపి కొలిచినచో కొలత తప్పును. ఎక్కువ పోసినచో చమురు నురగెత్తి గాలిరంధ్రమున వెలువడి, మరల నేలపై ఎఱ్ఱని బొట్టు కనబడును.