తల్లిదండ్రుల యింట రెండు దినములు

కొత్తగూడెములోని రైలు స్టేషనుకు ‘భద్రాచలము రోడ్డు’ అని పేరు. ఆ పేరు చూచి దిగిన క్రొత్త యాత్రికుడు కోవెల యెక్కడ అని నలుదిక్కులు చూచును. కాని భద్రాచలము అచ్చటికి 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఆవలి యొడ్డున నున్నది. పాల్వంచ దాటిన పిదప త్రోవ అడవి వెంబడి సాగును. టేకు, ఇప్ప, తునికి చెట్లు బాటకు ఇరుప్రక్కల కనబడును. దసరా వచ్చినదనగా ఈ స్టేషనును, ఖమ్మము బస్సు స్టేషనును హైదరాబాదు నుండి వచ్చు యువతీయువకులతో నిండిపోవును. పండుగ శని, ఆదివారములతో కలసివచ్చిన యేడు ఆ సందడి మరింత యెక్కువ.

పూర్వము పండుగకు వచ్చిన పిల్లలకు ఇంటిలో కొన్ని పనులు కాచుకొని యుండెడివి. జారిన పెంకులు సర్దుట, గోడలకు సున్నము వేయుట, అటకపై నున్న ఇత్తడి సామాను దించి తోముట మొదలగునవి. ఇప్పుడు వానితో మరియొక పని చేరినది. “కంప్యూటరు సరిగా నడచుట లేదు, నీవు వచ్చినపుడు చూడుము” అని తల్లిదండ్రులు నెల దినముల ముందే చెప్పి యుంచుచున్నారు.

కొత్తగూడెము ప్రాంతమున ఇట్టి యిండ్లు పెక్కు గలవు. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. అచ్చట మొదలైన త్రవ్వకములను సాగించిన సంస్థ 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు దాల్చెను. దాని ప్రధాన కార్యాలయము కొత్తగూడెముననే యున్నది. గనులలో పనిచేసినవారు తమ పిల్లలను చదివించిరి. చదువుకొన్న పిల్లలు దూరప్రాంతములకు తరలిపోయిరి. వారి ముఖములు చూచుటకును, పింఛను వ్యవహారములు చక్కబెట్టుకొనుటకును వృద్ధుల యిండ్లలో ఒక బల్ల, దానిమీద ఒక కంప్యూటరు వెలసినవి.

అట్టి యింటి నొకదానిని ఊహించుకొనవచ్చును. తండ్రి గనిలో ఫిట్టరు పనిచేసి విరమించినవాడు. తల్లి పుట్టినిల్లు భద్రాచలము. కుమార్తె హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నది. ఆమె శుక్రవారము రాత్రి ఇల్లు చేరి, భోజనమైన వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నది. తండ్రి నిద్రపోయిన పిమ్మట ఒంటరిగా రెండు గంటలు పనిచేసి, పనికిరానివన్నియు తొలగించి, తెరపై నున్న గుర్తులను వరుసగా అమర్చి, తృప్తితో పరుండినది.

తెల్లవారి తండ్రి తెర ముందు నిలిచి తెల్లబోయెను. “బిడ్డా, నా ఫోటోలున్న పెట్టె యెక్కడ? నిన్నటివరకు ఎడమవైపు క్రింద నుండెను గదా!” అని అడిగెను. పెట్టె పోలేదు, చోటు మాత్రము మారినది. కాని ఆయనకు ఆ యంత్రములో త్రోవలన్నియు చోటును బట్టియే గుర్తు. చీకటి గదిలో వస్తువులను తడిమి తీయువాని యింట బీరువాను జరిపినట్లయినది. కుమార్తె ఆదివారము సాయంకాలము వెడలిపోవును. మరల సంక్రాంతికి గాని రాదు. ఈ నడుమ మూడు నెలలు ఆ యంత్రముతో వేగవలసినవారు ఆ యిద్దరే. ఇట్టి సహాయము కంటె యంత్రము మందముగా నుండుటయే మేలనిపించును. ఆమె గుర్తులన్నిటిని మరల పూర్వస్థానములలో నుంచి, కుర్చీ ప్రక్కకు జరుపుకొని, తండ్రిని తన చోట కూర్చుండబెట్టినది.

కంప్యూటరు మందగించుటకు కారణములు దేవరహస్యములు కావు. యంత్రములతో జీవితము గడపిన ఆ ఫిట్టరుకు అవి చెప్పినంతనే తెలిసినవి. కంప్యూటరులో సమాచారము నిలుచు చోట్లు రెండు గలవు. ఒకటి గాదె వంటిది. అందులో పోసినది విద్యుత్తు పోయినను చెక్కుచెదరదు. రెండవది కళ్లములో పరచిన చాప వంటిది. గాదె నుండి తీసిన సరకును దానిపై పోసికొని యంత్రము పని చేయును. విద్యుత్తు ఆగినచో చాపమీది సరకు మాయమగును. చాప చిన్నదై సరకు ఎక్కువైనచో, యంత్రము మాటిమాటికి గాదెకు తిరుగుటతోనే ప్రొద్దు పుచ్చును. పాత కంప్యూటర్లలో ఈ గాదె నిమిషమునకు 5400 గాని 7200 గాని సార్లు తిరుగు పళ్లెము. కావలసిన చోటు క్రిందికి వచ్చువరకు చదువు ముల్లు వేచియుండవలెను. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అనునది దానికి బదులుగా అమర్చినచో ఈ నిరీక్షణ చాలవరకు తప్పును. ఇదిగాక, యంత్రము తెరువగనే పిలువని చుట్టములవలె కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే వచ్చి చాపపై కూర్చుండును. ఆ యింటి కంప్యూటరులో అట్టివి పదునాలుగు తేలినవి. ఒక్కొక్కదాని పేరు చదివి, అక్కరలేదనుకొన్నదానిని తండ్రియే ఆపివేసెను.

తరువాత పెట్టె విప్పవలసి వచ్చినది. కుమార్తె మరచాకు తీసికొనబోగా తండ్రి ఆమె చేయి పట్టుకొని, మొదట గోడకున్న ప్లగ్గు ఊడదీసెను. “కరెంటు తీయకుండ యంత్రముమీద చేయి వేయరాదు” అని మాత్రము అనెను. లోపలి గాలిమర రెక్కలకు నల్లని దుమ్ము పట్టియుండెను. బొగ్గు ఊళ్లలో దుమ్మునకు కొదవ లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములును గలవు. గాలి ఆడనిచో లోపలి చిప్పు వేడెక్కును. వేడిమి మించిన కొలది అది తనను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. ఇంకను మించినచో యంత్రము ఆగిపోవును. మెత్తని రంగుల కుంచెతో ఆయన ఆ దుమ్మును అరగంటసేపు ఓపికగా దులిపెను. ఈ పనిలో కుమార్తె చేసినదెల్ల దీపము పట్టుటయే. ఆ అరగంట ఆ యిద్దరికిని పండుగలో పండుగ.

విద్యుత్తు పోయినపుడు ఆదుకొను యు.పి.ఎస్.లోని బ్యాటరీ సామాన్యముగా రెండు మూడేండ్లకు నీరసించును. దానిని మార్పించవలెనని కాగితముపై వ్రాసికొనిరి. ఆ యంత్రము విండోస్ 10తో నడచునది. 2025 అక్టోబరు 14తో దానికి తయారీదారులు ఉచితముగా పంపుచుండిన సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. అట్టి యంత్రము నడువకపోదు గాని, బయటపడిన క్రొత్త లోపములు పూడ్పబడవు. కావున దానికి తగినచో క్రొత్త విండోసునకు మారుటయో, పాత యంత్రములపై గూడ తేలికగా నడచు లినక్సు నెక్కించుటయో చేయవలెను. అది రెండు దినముల సెలవులో ముగించు పని కాదని సంక్రాంతికి వాయిదా వేసిరి.

మధ్యాహ్నము తల్లి వంతు వచ్చినది. ఆమెకు మౌసు మీటను రెండుమారులు వెంటవెంట నొక్కుట చేతకాలేదు. రెండు నొక్కుల నడుమ ఉండదగిన వ్యవధిని పెంచు ఏర్పాటు కంప్యూటరులోనే గలదు. దానిని మార్చి, అక్షరములను బాణపు గుర్తును పెద్దవి చేయగా ఆ చిక్కు తీరినది. చేతకానిది ఆమెకు కాదు, ఆమె చేతికి అమర్చని యంత్రమునకు. ఆమె కోరిక ఒక్కటియే: తాను నోటుపుస్తకములో వ్రాసికొన్న బతుకమ్మ పాటలను తెలుగులో ఎక్కించుకొనవలెనట.

కంప్యూటరు అక్షరములను ఎరుగదు, అంకెలనే ఎరుగును. పూర్వము ఒక్కొక్క తెలుగు ఖతి తనకు తోచిన అంకెలను తన అక్షరముల కిచ్చుకొనెడిది. అందుచేతనే ఆ యింటి తండ్రి యొకప్పుడు డి.టి.పి. కేంద్రములో కొట్టించిన అర్జీ, ఆ ఖతి లేని యంత్రములో తెరువగా అర్థములేని గుర్తుల కుప్పగా కనబడినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. దాని ప్రకారము ‘అ’కు 3077, ‘క’కు 3093, గుడికి 3135. కావున ‘కి’ అని కొట్టినపుడు యంత్రములో నిలుచునవి 3093, 3135 అను రెండు అంకెలు. ఆ అంకెలు ఖమ్మములోను, అమెరికాలోను ఒక్కటియే గనుక ఇచ్చట వ్రాసినది అచ్చట చదువబడును. గోదావరి పరిసరములలోని కోయ పిల్లలు తమ మాతృభాషను తెలుగు లిపిలో వ్రాసికొనుటకును ఈ స్థానములే ఉపయోగపడుచున్నవి.

కొట్టు పద్ధతులు ముఖ్యముగా రెండు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులు ఎడమచేతి క్రిందను, హల్లులు కుడిచేతి క్రిందను ఉండును. రెండవది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరముల ధ్వనులతో కొట్టినచో యంత్రమే తెలుగులోనికి మార్చు పద్ధతి; ఇట్టివానికి 1990 దశాబ్దపు తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన తెలుగువారు ఒక నియమావళి నేర్పరచిరి. ఇంగ్లీషు మీటలతో తల్లికి పరిచయము లేదు. కావున ఆమె ఇన్‌స్క్రిప్టునే యెన్నుకొన్నది. మీటలపై తెలుగు అక్షరముల చీటీలు అంటించిరి. తన పేరు కొట్టుకొనుటకు ఆమెకు పావుగంట పట్టినది. కాని ముగించువరకు ఎవరినీ దగ్గరకు రానీయలేదు.

ఆదివారము ఉదయము కుమార్తె అంగడికి వెళ్లియుండగా ఇంటికి ఫోను వచ్చినది. ఒకడు ఇంగ్లీషు కలిసిన తెలుగులో, ఆ యింటి కంప్యూటరు నుండి నేరము జరిగినదని, తాను చెప్పిన ప్రోగ్రామును వెంటనే ఎక్కించుకొననిచో అరెస్టు తప్పదని బెదరించెను. తండ్రి కలవరపడి కుర్చీలో కూర్చుండెను. తల్లి ఫోను అందుకొని, “మా అమ్మాయి వచ్చిన తరువాత మాట్లాడుడు” అన్నది. ఎవరికిని చెప్పరాదని వాడు గద్దించెను. ఆమె ఫోను పెట్టివేసినది. “కన్నబిడ్డకు చెప్పరాదన్నవాడు మంచివాడెట్లగును?” అని ఆమె తరువాత భర్తతో అన్నది.

ఇట్టి మోసములలో మూలసూత్రము ఆమె పట్టుకొన్నదే. మోసగాడు మొదట భయపెట్టును, పిదప తొందరపెట్టును, ఇతరులతో మాట్లాడనీయడు. వాడు ఎక్కించుమను ప్రోగ్రాము మన యంత్రమును దూరము నుండి వానికి స్వాధీనము చేయునది. దాని ద్వారా బ్యాంకు ఖాతా చేతికి చిక్కినచో, ముప్పది యేండ్ల చాకిరికి విరమణనాడు వచ్చిన సొమ్ము ఒక్క పూటలో కరగిపోవును. ‘డిజిటల్ అరెస్టు’ అనునది భారతదేశ చట్టములలో లేనేలేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ఈ మోసమును గూర్చియే ప్రజలను హెచ్చరించిరి. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము చేతులు మారకముందే ఖాతాలను స్తంభింపజేయుట కంత అవకాశముండును. కుమార్తె ఆ నంబరును పెద్ద అంకెలతో వ్రాసి ఫోను ప్రక్క గోడకు అంటించినది.

తండ్రి మనస్సులో నున్న మరియొక దిగులు నవంబరు నెలను గూర్చినది. పింఛనుదారు తాను జీవించియున్నట్లు ఏటేట ధ్రువపత్రము దాఖలు చేయవలెను. ఇంటినుండియే దానిని పంపుటకు వీలుగా కేంద్ర ప్రభుత్వము 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. మొదట దానికి వ్రేలిముద్రయో కనుపాప ముద్రయో కావలసియుండెను. ఇనుముతో, బొగ్గుతో పనిచేసిన చేతుల వ్రేలిగీతలు అరిగిపోవును. యంత్రము వానిని గుర్తింపక పలుమారులు త్రిప్పి పంపును. బ్రదికియున్న మనిషి బ్రదికియున్నానని ఒప్పించలేక నిలిచియుండుట యెంత కష్టము! 2021 నవంబరు నుండి ఫోను కెమెరాతో ముఖము చూపియు ధ్రువపరచుకొను వీలు కలిగినది. కిటికీ వెలుతురులో నిలుచుట, కన్ను రెప్ప వేయుట, ఆధారు సంఖ్యను సరిగా కొట్టుట, ఇవన్నియు తండ్రి రెండుమారులు అభ్యసించెను. ప్రతి మెట్టును తన నోటుపుస్తకములో తన మాటలతో తానే వ్రాసికొనెను. కుమార్తె వ్రాసియిత్తునన్నను ఒప్పుకొనలేదు. పరుల వ్రాత తనకు అవసరమునకు తట్టదని ఆయన వాదము. అందులో న్యాయము లేకపోలేదు.

మిగిలినది ప్రతుల విషయము. దీనిని తల్లికి వివరింప బనిలేకపోయినది. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగెను. 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కు మూడవ ప్రమాద హెచ్చరిక చేయుదురనగా ఆ వరద యెంతటిదో ఊహింపవచ్చును. ఆమె పెండ్లి ఫోటోలు పుట్టినింట పెట్టెలో నుండి ఆ నీటిలో తడిసి ముద్దయినవి. ఆ పెట్టెను అటక యెక్కించినను నీరు అటకను సైతము అందుకొన్నది. 2022 జులైలో నది మరల 71.3 అడుగులు చేరినపుడు ఆ యింటివారు కాగితములు చేతబట్టుకొని పునరావాస కేంద్రమునకు వెళ్లిరి. ఒకే చోట నున్న వస్తువు ఎంత యెత్తున నున్నను ఒకే వస్తువు. కంప్యూటరులోని పళ్లెమును ఒకనాడు హఠాత్తుగా నిలిచిపోవచ్చును. దానికి వరదయే రానక్కరలేదు.

మనుమల ఫోటోలు, పింఛను కాగితములు, ఇంటి దస్తావేజుల ప్రతిబింబములు, తల్లి అప్పటికి ఎక్కించిన ఒకటిన్నర పాట రెండు పెన్‌డ్రైవులలోనికి చేరినవి. ఒకటి బీరువాలో నిలిచినది. రెండవది హైదరాబాదు పోవు సంచిలో, గోంగూర పచ్చడి జాడీకిని, గిరిజన సహకార సంస్థ దుకాణమున కొన్న తేనె సీసాకును నడుమ, చీరకొంగు ముక్కలో మూటగట్టబడి కూర్చున్నది.

సోమవారము రాత్రి తొమ్మిది గంటలకు కుమార్తె ఫోను మ్రోగినది. ఎవరి సహాయమును లేక తండ్రి కంప్యూటరు నుండి తానే పిలిచెను. తెరపై మొదట ఇంటి దూలము, పిదప తిరుగుచున్న పంకా కనబడినవి. “క్రిందికి వంచుడు, నాన్నా” అని ఆమె అన్నది. పంకా మెల్లగా పైకి జరిగి, ఒక నుదురు, రెండు కళ్లజోళ్లు తెరమీదికి వచ్చినవి.